సోమవారం చాకిరేవు నుంచి వాషింగ్ మెషిన్ దాకా
అమెరికా స్త్రీల ఇంటిచాకిరీ: నాలుగు తరాల కథ

(మా సంస్థ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా గురించి మాట్లాడమంటే మొదట సంకోచించాను. నేను ఆ దేశాన్ని అధ్యయనం చెయ్యడానికి వెళ్ళలేదు. 2023లో మా అమ్మాయికి పురుడు పొయ్యడానికి వెళ్ళాను. ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఆరు నెలలు ఉన్నాను. వంట చేశాను, పసిబిడ్డకి నీళ్ళు పోశాను, బట్టలు ఉతికాను. ఉతికాను అంటే మెషిన్‌లో వేశాను. ఆ బట్టల దగ్గరే నాకు ఈ ప్రసంగం దొరికింది.

పక్కింట్లో ఎనభై అయిదేళ్ళు దాటిన పెద్దావిడ ఒంటరిగా ఉండేది. నేను పసివాడి గుడ్డలు పెరట్లో తాడు మీద ఆరేస్తుంటే చూసి వచ్చింది. అక్కడ బట్టలు బయట ఆరేసేవాళ్ళు తక్కువ. మా అమ్మాయి మధ్యలో కూర్చుని ఆవిడ మాటలు నాకు, నా మాటలు ఆవిడకి చెప్పేది. అలా చాలా మధ్యాహ్నాలు గడిచాయి.

ఆవిడ పుట్టింది దక్షిణాన టెనెస్సీలో ఒక రైతు కుటుంబంలో. వాళ్ళ అమ్మమ్మకి సోమవారం అంటే బట్టల రోజు. తెల్లవారకముందే బావి నుంచి నీళ్ళు మోసి, కట్టెలు పేర్చి, పెద్ద కాగులో బట్టలు ఉడకబెట్టి, రేకు మీద రుద్ది, చేతుల్తో పిండేది. మంగళవారం పొయ్యి మీద కాల్చిన ఇనప పెట్టెతో ఇస్త్రీ. ఇదేమీ ఒక్క ఇంటి కథ కాదు. నార్త్ కరోలినాలో 1886లో ఒకరు లెక్క వేశారు. రోజుకి ఎనిమిది పది సార్లు నీళ్ళకి వెళ్ళే ఒక రైతు భార్య ఏడాదిలో 148 మైళ్ళు నడిచి, 36 టన్నుల నీళ్ళు మోస్తుందట. ఆ మాట చదివినప్పుడు నాకు మన పల్లెల్లో బిందెలు మోసే ఆడవాళ్ళే కనిపించారు. అమెరికా అంటే మొదట్నించీ కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే దేశం అనుకుంటాం. కాదు. 1935లో కూడా అక్కడి రైతుల ఇళ్ళలో పదింటికి ఒక్క ఇంటికే కరెంటు ఉండేది. పల్లెలకి కరెంటు తీసుకువెళ్ళడానికి ఆ ఏడాది ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టాల్సి వచ్చింది. కంపెనీలు లాభం లేదని పల్లెలకి తీగలు లాగలేదు.

ఈవిడది తెల్లవాళ్ళ కుటుంబం. నల్లజాతి స్త్రీల కథ వేరు. బానిసత్వం పోయాక దక్షిణాది పట్టణాల్లో వాళ్ళకి దొరికిన పని తెల్లవాళ్ళ ఇళ్ళలో చాకిరీ, లేకపోతే వాళ్ళ మురికి బట్టలు మూటలు కట్టి తెచ్చుకుని ఉతకడం. 1881 జులైలో అట్లాంటా నగరంలో ఇరవై మంది చాకలి స్త్రీలు కలిసి సంఘం పెట్టుకున్నారు. డజను పౌన్ల బట్టలకి ఒక డాలరు ఇవ్వాలని అడిగారు. ఇల్లిల్లూ తిరిగి మూడు వారాల్లో సుమారు మూడు వేల మందిని కూడగట్టి సమ్మె చేశారు. కొందరిని అరెస్టు చేసి జరిమానాలు వేశారు. ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు రుసుము వేస్తామని నగర పాలకులు బెదిరించారు. రుసుము కడతాం గానీ మా పనికి రేటు మేమే నిర్ణయించుకుంటామని ఆ స్త్రీలు మేయరుకి జాబు రాశారు. చాకలి ఐలమ్మని తలుచుకునే మనకి ఈ స్త్రీలు పరాయివాళ్ళుగా అనిపించరు.

బట్టలుతికే ఆడవాళ్ళ పేరుతోనే 1908లో ఒక పెద్ద తీర్పు కూడా వచ్చింది. ఒరెగాన్ రాష్ట్రంలో లాండ్రీల్లో స్త్రీల చేత రోజుకి పది గంటలకి మించి పని చేయించకూడదన్న చట్టాన్ని ఒక లాండ్రీ యజమాని సవాలు చేశాడు. సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. మనం సంతోషించాల్సిందే. కానీ కోర్టు చెప్పిన కారణం చూడండి: స్త్రీ బలహీనురాలు, తల్లి కావలసిన మనిషి, అందుకని రక్షణ కావాలి! అదే తర్కాన్ని తర్వాత చాలాకాలం స్త్రీలకి కొన్ని ఉద్యోగాలు ఇవ్వకుండా ఉండటానికి వాడుకున్నారు. హక్కుగా రానిది దయగా వస్తే ఇలాగే ఉంటుంది.

ఇక పెద్దావిడ వాళ్ళ అమ్మ తరం. ఆ ఇంటికి కరెంటు వచ్చింది, కొన్నాళ్ళకి వాషింగ్ మెషిన్ వచ్చింది. ‘మీ అమ్మకి తీరిక దొరికిందా?’ అని అడిగాను. ఆవిడ నవ్వి, ‘సోమవారం పోయి ప్రతిరోజూ సోమవారమే అయింది’ అంది. ఇది ఆవిడ చమత్కారం మాత్రమే కాదు. జోయాన్ వానెక్ అనే పరిశోధకురాలు 1974లో ప్రచురించిన లెక్కల ప్రకారం, బయట ఉద్యోగం చెయ్యని గృహిణులు 1924లో వారానికి 52 గంటలు ఇంటిపని చేస్తే, ఇన్ని యంత్రాలు వచ్చాక 1960లలో 55 గంటలు చేస్తున్నారు.

ఎందుకని? రూత్ స్క్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన పుస్తకంలో దీన్ని వివరించింది. కట్టెలు కొట్టడం, నీళ్ళు మొయ్యడం లాంటి పనుల్లో మగవాళ్ళు, పిల్లలు కొంత సాయం ఉండేవారు. గ్యాసు, కుళాయి వచ్చి వాళ్ళ పనిని తీసేశాయి. ఆమె పని మాత్రం మిగిలింది. అంతకుముందు లాండ్రీకో చాకలామెకో వేసే బట్టలు మెషిన్ వచ్చాక ఇంటికే తిరిగొచ్చాయి. వారానికి ఒక చొక్కా వేసుకునేవాళ్ళు రోజుకొకటి మార్చడం మొదలుపెట్టారు. కారు వచ్చింది కాబట్టి పిల్లల్ని బడికి దింపడం, సరుకులు తేవడం కొత్తగా ఆమె నెత్తిన పడ్డాయి. యంత్రం బరువు తగ్గించిన మాట నిజం. ఆ పని ఎవరిది అన్న విషయం మాత్రం యంత్రం ముట్టుకోలేదు.

ఆ పని స్త్రీదే కానక్కర్లేదని ఒకసారి ప్రభుత్వమే రుజువు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీలకి ఆడవాళ్ళు కావలసి వచ్చినప్పుడు ప్రభుత్వ డబ్బుతో శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచారు. లక్షలాది పిల్లలు అక్కడ పెరిగారు. యుద్ధం ముగిసింది, 1946లో ఆ డబ్బు ఆగిపోయింది, ఆడవాళ్ళని ఇంటికి పొమ్మన్నారు. 1971లో దేశమంతా అలాంటి కేంద్రాలు పెట్టాలని కాంగ్రెస్ బిల్లు ఆమోదిస్తే అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు.

మూడో తరం ఈ పెద్దావిడదే. ఆవిడ పెళ్ళి చేసుకుని ఒహాయో వచ్చింది. భర్తతో విడిపోయి, 1972లో సొంత జీతం చూపించి క్రెడిట్ కార్డు అడిగితే ఒక బ్యాంకు మగవాళ్ళ సంతకం తెమ్మందట. 1974లో రుణాల విషయంలో వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చాకే ఆవిడ పేరు మీద కార్డు వచ్చింది. ఆ కాగితాన్ని ఆవిడ ఇప్పటికీ దాచుకుంది. సమాన వేతన చట్టం 1963లో వచ్చింది. అప్పుడు పూర్తికాలం పనిచేసే స్త్రీకి మగవాడి డాలరుకి 59 సెంట్లు. అరవై ఏళ్ళకి, 2023లో, అది సుమారు 83 సెంట్లు.

స్త్రీలు బయటికి వచ్చి సంపాదించడం మొదలయ్యాకే ఇంట్లో లెక్క మారింది. 1965లో వివాహిత స్త్రీలు వారానికి సుమారు 34 గంటలు ఇంటిపని చేస్తే, 1995కి అది 19కి దిగింది. భర్తలది 5 కన్నా తక్కువ నుంచి 10కి పెరిగింది. రెట్టింపు చేశారని మెచ్చుకోవచ్చు. అయినా సగం కాలేదు.

ఆమె వదిలిన ఆ గంటల్లో కొంత పని ఎవరు చేశారు? జీతం తీసుకునే మరో ఆడది. 1938లో కనీస వేతన చట్టం వచ్చినప్పుడు ఇంటిపనివాళ్ళనీ, వ్యవసాయ కూలీలనీ బయట ఉంచారు. నల్లజాతి స్త్రీలు ఎక్కువగా చేసేవి ఆ రెండు పనులే. 1968లో డొరతీ బోల్డెన్ అనే పనిమనిషి అట్లాంటాలోనే ఇంటిపనివారల సంఘం పెట్టింది. సభ్యత్వం కావాలంటే ఓటరుగా నమోదు కావాలన్నది ఆమె షరతు. 1974లో గానీ ఇంటిపనివాళ్ళకి కనీస వేతనం రాలేదు. ముసలివాళ్ళని చూసుకునే ఇంటి సహాయకుల్లో చాలామందికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక నాలుగో తరం దగ్గరికి వస్తాను. మా అమ్మాయి లాంటి వాళ్ళ తరం. చదువు, ఉద్యోగం, కారు, డిష్ వాషర్ అన్నీ ఉన్నాయి. పురిటి సెలవు లేదు. 1993 చట్టం ప్రకారం 12 వారాలు జీతం లేని సెలవు ఉంది, అదీ కనీసం యాభై మంది పనిచేసే సంస్థల్లో. మా అమ్మాయి ఆఫీసులో ముప్ఫై మంది కూడా లేరు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలతో జీతం ఇస్తున్నాయి గానీ ఒహాయో ఇవ్వదు. అయిదో వారంలో పిల్ల ఆఫీసుకి పోయింది. పసివాణ్ణి నేను పట్టుకున్నాను. ఏటా ఎన్ని వేలమంది తెలుగు తల్లులు విజిటర్ వీసా మీద ఈ పనికే విమానం ఎక్కుతున్నారో మీకు తెలుసు. దాన్ని మనం మమకారం అంటాం. నిజమే. కానీ అక్కడి ప్రభుత్వం, యజమాని ఇవ్వాల్సిన సెలవుని మన అరవై ఏళ్ళ నడుములు భర్తీ చేస్తున్నాయన్నది కూడా నిజం. నాకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. మా అమ్మాయితో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను.

వచ్చిన హక్కు ఉండిపోతుందన్న భరోసా కూడా లేదు. 1973లో సుప్రీంకోర్టు గుర్తించిన గర్భస్రావ హక్కుని 2022లో అదే కోర్టు తీసేసింది. తన మనవరాలికి తనకన్నా తక్కువ హక్కులున్నాయని పక్కింటావిడ చెప్పి బాధపడింది.

మన సంగతి చెప్పి ముగిస్తాను. ప్రసూతి సెలవుని మనం 2017లో 26 వారాలకి పెంచుకున్నాం. కానీ మన ఇళ్ళలో గిన్నెలు తోమే మనిషి కాన్పు అయితే ఎన్ని వారాలు జీతం ఇస్తున్నాం? ఇంటిపనివారి హక్కుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికని అమెరికా ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు. మన బస్తీల్లో కూడా వాషింగ్ మెషిన్లు వస్తున్నాయి. రానివ్వండి, మంచిదే. కాకపోతే మనం ఇల్లిల్లూ తిరిగేటప్పుడు మెషిన్ ఉందా అని అడగడంతో ఆపకుండా బట్టలు ఎవరు వేస్తున్నారు, ఎవరు ఆరేస్తున్నారు, ఆ మనిషికి ఎంత ఇస్తున్నారు అని కూడా అడుగుదాం. వచ్చే మూడు నెలల సర్వేలో ఈ మూడు ప్రశ్నలూ చేర్చాలని నా ప్రతిపాదన. దీని మీద మీరందరూ చర్చించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.