పద్దు పుస్తకం మన చేతిలోకి రావాలి
(యువజన శిక్షణ తరగతుల్లో ఇచ్చిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి భూమి గురించి, అడవి హక్కుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నాం. నాకు ఇచ్చిన అంశం అప్పులు. "ఉద్యమ తరగతుల్లో ఈ అంశం ఎందుకు, ఇది ఎవరింటి సంగతి వాళ్లది కదా" అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన పోరాటాల చరిత్రలో ఎక్కడ తవ్వినా అప్పు కనిపిస్తుంది. 1855లో సిద్ధో, కాన్హో నాయకత్వంలో సంతాల్ ఆదివాసులు హూల్ లేవదీశారు. దానికి ముఖ్య కారణాల్లో వడ్డీ వ్యాపారుల దోపిడీ ఒకటి. మన దగ్గరా అదే కథ. వానాకాలంలో తిండిగింజలకు, విత్తనాలకు, ఇంట్లో పెళ్లికి సాహుకారి దగ్గర అప్పు. పంట చేతికొచ్చేసరికి ఆ పంట వాడి కొట్టుకే. చివరికి భూమి కూడా వాడిదే. విశాఖ ఏజెన్సీలో గొత్తి అని ఉండేది. అప్పు తీరేదాకా మనిషే వెళ్లి పని చేయాలి. 1/70 చట్టం ఊరికే రాలేదు. భూమి చేయి దాటిపోవడానికి మొదటి మెట్టు ఎప్పుడూ అప్పే.

ఒక్క సంగతి గమనించండి. అప్పుడు వేలిముద్ర మనది, రాత వాడిది. పద్దు పుస్తకం వాడి దగ్గరే ఉండేది. ఎంత తీసుకున్నాం, ఎంత కట్టాం, ఇంకెంత ఉంది, ఏది అడిగినా వాడు చెప్పిందే లెక్క.

ఇప్పుడు మనం చదువుకున్నాం. డిగ్రీలున్నాయి, బీఈడీలున్నాయి. మరి పద్దు పుస్తకం మన దగ్గరుందా? ఈ గదిలో ఫోన్ ఈఎమ్‌ఐ, బండి ఫైనాన్స్, లోన్ యాప్, చేబదుళ్లు అన్నీ కలిపి మొత్తం ఎంత బాకీ ఉన్నారో కాగితం చూడకుండా చెప్పగలిగే వాళ్లు ఎంతమంది? కాగితం చూసి చెప్పేవాళ్లు కూడా తక్కువే, ఎందుకంటే ఆ కాగితమే లేదు. మన తాతలు స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేశారు. మనం ఫోన్ మీద వేస్తున్నాం. తేడా అంతే.

అందుకని మొదటి పని: రాయడం. ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఎవరికి బాకీ, అసలు ఎంత, వడ్డీ ఎంత, నెలకు ఎంత కడుతున్నాం, ఏం తాకట్టు పెట్టాం, ఈ ఐదు గళ్లు గీయండి. పాస్ పుస్తకమా, ఏటీఎం కార్డా, సర్టిఫికెట్లా, అమ్మ మెడలోదా, అన్నీ రాయాలి. స్నేహితుడి దగ్గర తీసుకున్న 500 కూడా రాయాలి. రాస్తుంటే భయం వేస్తుంది. వేయనివ్వండి. తెలియని అప్పు కంటే తెలిసిన అప్పు నయం.

రెండో పని: అన్ని వడ్డీలనీ ఒకే భాషలోకి మార్చడం. ఊళ్లో "నూటికి ఐదు" అంటారు, చిన్నగా వినిపిస్తుంది. అది నెలకు. సంవత్సరానికి 60 శాతం. బండి షోరూంలో "12 శాతమే" అంటారు. 60,000 అప్పుకి రెండేళ్లకు వడ్డీ 14,400, నెలకు 3,100 కట్టమంటారు. మనం నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా మొత్తం 60,000 మీదే రెండేళ్లూ వడ్డీ వేశారు. సరిగ్గా లెక్క కడితే అది 21 శాతం దాటుతుంది. ఇక ఊరూపేరూ లేని లోన్ యాప్: 5,000 అని చెప్పి, ఫీజు కోసుకుని 3,500 చేతిలో పెట్టి, ఏడు రోజుల్లో 5,000 కట్టమంటుంది. 3,500కి వారం రోజుల్లో 1,500 వడ్డీ. ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు 183 రూపాయలు. ఏ సాహుకారీ ఇంత అడిగి ఉండడు.

మూడో పని: కొత్త అప్పు ఆపడం. అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో అప్పు చేసినంతకాలం లెక్క తెగదు. బెట్టింగ్, రమ్మీ ఆడి అప్పు తీరుస్తామనుకునే తమ్ముళ్లకు ఒక మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ఆటలో ఎప్పుడూ గెలిచేది ఆట పెట్టినవాడే. ఆ యాప్ ఫోన్‌లోంచి తీసేసిన రోజే మీ అప్పు తీరడం మొదలవుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఇది ఊహించిన లెక్కే, కానీ మీలో చాలామందికి దగ్గరగా ఉంటుంది. మన్యం నుంచి వెళ్లి విశాఖలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు అనుకోండి. చేతికి 18,000 వస్తుంది. ఊరి వ్యాపారి దగ్గర 40,000, నూటికి ఐదు వడ్డీ, నెలకు 2,000 వడ్డీయే పోతుంది. ఫోన్ ఈఎమ్‌ఐ 1,500, ఇంకా ఆరు నెలలు. యాప్ లోన్ 3,300, ఇంకా నాలుగు నెలలు. స్నేహితుల దగ్గర చేబదులు 10,000. మొత్తం 72,200. అప్పులకే నెలకు 6,800 పోతోంది.

మిగిలేది 11,200. ఖర్చు ఎంత? గది అద్దె 4,000, బయట తిండి 5,000, పెట్రోలు, రీచార్జి 1,800, ఇంటికి పంపేది 1,500, బేకరీ, సినిమా, బట్టలు, పార్టీ 2,000. మొత్తం 14,300. నెలకు 3,100 తక్కువ పడుతోంది. ఆ 3,100 కోసమే ఇంకో యాప్ తెరుస్తున్నాడు. ఇతను తాగుబోతు కాదు, జూదరి కాదు. లెక్క రాయని మనిషి, అంతే.

ఇప్పుడు మారుద్దాం. మన ఊరి పిల్లలే ముగ్గురు కలిసి గది తీసుకుంటే తలకు 2,500. ఇంటి నుంచి బియ్యం, పప్పు తెచ్చుకుని వండుకుంటే 3,500. బస్ పాస్, చిన్న రీచార్జి 1,000. ఇంటికి 1,500 తగ్గించొద్దు. జ్వరం, ఊరి ప్రయాణం లాంటి వాటికి 500 పక్కన పెట్టాలి, ఇది లేకపోతే మొదటి జ్వరానికే మళ్లీ అప్పు. మొత్తం 9,000. అప్పులకు మిగతా 9,000.

ఈఎమ్‌ఐలు, వడ్డీ కట్టగా 2,200 మిగులుతుంది. అది దేనికి కట్టాలి? అన్నిటికంటే వడ్డీ ఎక్కువున్న దానికి. ఇక్కడ అది ఊరి వ్యాపారి అప్పు. మొదటి నెల 2,000 వడ్డీ, 2,200 అసలు. అసలు తగ్గింది కాబట్టి రెండో నెల వడ్డీ 1,890. నాలుగు నెలలకు యాప్ లోన్ తీరుతుంది. ఆ 3,300ని ఖర్చులోకి రానివ్వకుండా వ్యాపారి అప్పుకే మళ్లించాలి. ఆరు నెలలకు ఫోన్ తీరుతుంది, ఆ 1,500 కూడా అక్కడికే. తొమ్మిదో నెలలో 40,000 అప్పు సున్నా. పదో నెలలో స్నేహితుల బాకీ కూడా తీరిపోయి 6,000 పైగా చేతిలో మిగులుతుంది. అదే వడ్డీ మాత్రం కడుతూ పోతే? పది నెలల్లో 20,000 పోతుంది, 40,000 అలాగే కూర్చుని ఉంటుంది.

స్నేహితులకు ముందే చెప్పండి: "అన్నా, నీది తొమ్మిదో నెలలో మొదలుపెడతాను" అని. ఫోన్ ఎత్తకుండా తిరిగితే స్నేహం పోతుంది, చెబితే పోదు. కొందరు వ్యాపారులు "ఇస్తే అసలు మొత్తం ఒకేసారి ఇవ్వు" అంటారు. వాళ్లకు వడ్డీ పారుతూ ఉండడమే కావాలి. అలాంటప్పుడు ఊరి పెద్దల ముందు కట్టండి, ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో కట్టండి, రసీదు అడగండి. అమ్మ ఉన్న పొదుపు సంఘంలో తక్కువ వడ్డీకి దొరికితే, దాంతో ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడం మంచిదే. కానీ ఆ వాయిదా మీ జీతం నుంచే వెళ్లాలి. అమ్మను ఇరికించొద్దు.

జీవన విధానం మార్చుకోమంటే కొందరికి కోపం వస్తుంది. "టీ మానేస్తే పేదరికం పోతుందా?" అంటారు. పోదు. పంటకు ధర రాకపోవడం, ఉపాధి కూలీ ఆలస్యం కావడం, ఆసుపత్రి దూరం కావడం, ఇవి మన అప్పులకు అసలు కారణాలు. వాటి మీద పోరాటం ఆగదు. అయితే పోరాడే మనిషి నెత్తిన అప్పులవాడి చేయి ఉంటే అతను గొంతెత్తలేడు. ఊళ్లో భూమి కేసులో సాక్ష్యం చెప్పాల్సిన మనిషి అవతలివాడికే బాకీ ఉంటే ఏం చెబుతాడు?

పెళ్లిళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. మన పెళ్లికి ఊరంతా బియ్యం తెచ్చేది, కట్టెలు తెచ్చేది, పందిరి వేసేది. థింసా ఆడటానికి అప్పు అక్కర్లేదు, డీజేకి కావాలి. ఫ్లెక్సీలు, డీజే, సీసాలు మన సంప్రదాయం ఎప్పుడయ్యాయి? ఈ ఖర్చు తగ్గించమంటే సంస్కృతి వదులుకోమని కాదు, సంస్కృతిలోకి తిరిగి రమ్మని.

చివరిగా హక్కులు. ఇవి రాసుకోండి.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు, ఆదివాసులకు అప్పులిచ్చే వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించే అధికారం గవర్నర్‌కు ఇచ్చింది. దాని కిందే 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది. లైసెన్సు లేకుండా మన ప్రాంతంలో వడ్డీ వ్యాపారం చేయడం చట్టవిరుద్ధం. అప్పుకి బదులు మనిషిని పనికి కట్టేయడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం. 1996 పెసా చట్టం, ఆదివాసులకిచ్చే అప్పుల మీద అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలంది. మన గ్రామసభల్లో ఈ అంశం ఎన్నిసార్లు చర్చకు వచ్చింది? వచ్చే గ్రామసభలో పెట్టండి: ఈ ఊళ్లో ఎవరు అప్పులిస్తున్నారు, లైసెన్సు ఉందా, వడ్డీ ఎంత?

యాప్‌ల విషయంలో రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు పెట్టింది. అప్పు నేరుగా మన ఖాతాలో పడాలి. మన ఫోన్ నంబర్ల జాబితా, ఫొటోలు యాప్ తీసుకోకూడదు. అసలు ఖర్చు ఎంతో ఒక పత్రంలో ముందే చూపించాలి, అదీ మనకు అర్థమయ్యే భాషలో. తెలుగులో ఇవ్వమని అడగండి. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బూతులు తిట్టినా, ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామన్నా భయపడి ఇంకో అప్పు చేయకండి. స్క్రీన్‌షాట్లు దాచి 1930కి ఫోన్ చేయండి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా వకీలు ఉచితం. నంబర్ 15100.

ఇంకో నంబర్ కూడా రాసుకోండి, 14416. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి. అప్పు ఎంతైనా అది అంకె. అంకెను తగ్గించవచ్చు, వాయిదా వేయవచ్చు, కోర్టులో తేల్చుకోవచ్చు. పోయిన మనిషిని తేలేం. మీ స్నేహితుడు ఉన్నట్టుండి ఫోన్ ఎత్తడం మానేస్తే, ఊరికి రావడం మానేస్తే, వెళ్లి పక్కన కూర్చోండి. "ఎంత ఉందిరా, రాద్దాం" అనండి. సిగ్గు ఒంటరిగా ఉన్నప్పుడే పెరుగుతుంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఐదుగురు ఐదుగురుగా కూర్చుందాం. ఒక్కొక్కరికి ఒక నోట్‌బుక్ ఇస్తాం. మొదటి పేజీలో ఐదు గళ్లు గీసి మీ లెక్క మీరు రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. కూడికలో, వడ్డీ లెక్కలో సాయం కావాలంటే పిలవండి, వస్తాం. నెల తర్వాత ఇదే బృందం మళ్లీ కలవాలి, అప్పటికి అసలు ఎంత తగ్గిందో ఒక్క అంకె చెబితే చాలు.

మన రాత మనమే రాసుకుందాం. జోహార్.