ఆ గీత ఎవరు గీసిన్రు?

(ఉస్మానియా విద్యార్థులు, ఉద్యోగులు కలిసి తార్నాకల పెట్టుకున్న సభల చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాల నల్లజాతి పిల్లల బడి పోరాటం గురించి మాట్లాడుమని నన్ను పిలిచిన్రు. సభకు వచ్చే ముందు తార్నాక చౌరస్తల చాయ్ తాగుతుంటె ఒక మిత్రుడు అడిగిండు. 'వాళ్లేమో వేరుగ ఉంచొద్దని కొట్లాడిన్రు. మీరేమో వేరు కావాలని కొట్లాడిన్రు. రెండింటినీ ఒక్క నోటితోని ఎట్ల మెచ్చుకుంటవు?' అని. మంచి ప్రశ్న. మనల్ని వేర్పాటువాదులన్నోళ్లు కూడ ఉద్యమం పొడుగూత ఇదే అడిగిన్రు. నా మాటంత దానికి జవాబే.

ముందు అక్కడి సంగతి చెప్త. 1896ల అమెరికా సుప్రీంకోర్టు ఒక రైలు డబ్బా కేసుల తీర్పు చెప్పింది. సౌలతులు సమానంగ ఉంటె తెల్లోళ్లను, నల్లోళ్లను వేరువేరుగ కూసోబెట్టొచ్చని దాని సారం. ఆ మాటనే బడులకూ పట్టించిన్రు. వేరు పెట్టుడు అక్షరం తప్పకుండ అమలైంది. సమానం మాత్రం కాగితం దాటలేదు.

వర్జీనియా రాష్ట్రంల ఫార్మ్‌విల్ అని ఒక చిన్న పట్నం. అక్కడి నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూలు 180 మంది కోసం కట్టింది. అండ్ల 450 మందికి పైగ చదువుతున్నరు. చోటు చాలక తారు కాగితం కప్పిన షెడ్లు వేసి అండ్ల పాఠాలు చెప్పిన్రు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే 16 ఏండ్ల అమ్మాయి, హెడ్మాస్టర్ను ఉపాయంతోని బయటికి పంపించి, పిల్లలందర్ని హాల్లకు పిలిచి సమ్మె ప్రకటించింది. రెండు వారాలు బడి బంద్. పిల్లలడిగింది మంచి బిల్డింగు. వచ్చిన వకీళ్లు ఏమన్నరంటె, బిల్డింగు కోసమైతె మేం రాము, వేరు పెట్టుడే తప్పని దావా వేస్తమంటె వస్తమన్నరు. తల్లిదండ్రులు ధైర్యం చేసి సంతకాలు పెట్టిన్రు. ఆ కేసు, కాన్సాస్ రాష్ట్రంల ఆలివర్ బ్రౌన్ అనే తండ్రి తన బిడ్డ లిండా కోసం వేసిన కేసు, ఇంకో మూడు కలిసి సుప్రీంకోర్టుకు చేరినయి. 1954 మే 17న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద నిలబడి, వేరు బడి అంటేనే అసమానమైన బడి అని తేల్చిన్రు. ఒక బడి పిల్లల సమ్మె దేశపు చట్టాన్నే మార్చిందన్నమాట.

ఈ కథ మనకు కొత్తదా? ఆ తీర్పుకు 16 నెలల ముందు, 1953 జనవరి 12న, మన ఉస్మానియా విశ్వవిద్యాలయం బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. చిన్నప్పుడు బడిల మిగతా పిల్లల నడుమ కూసోనియ్యక, గోనె పట్టా మీద దూరం కూసోబెట్టింది ఆయన్నే. ఆ బాధ ఒకటేనని ఆయనకు తెలుసు. అందుకే 1946ల నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసిండు. డుబాయిస్ జవాబు కూడ రాసిండు.

ఇగ మన హైదరాబాద్. ఇక్కడ 1888ల పుట్టిన భాగ్యరెడ్డి వర్మ, దళిత పిల్లలకు చదువు అందుతలేదని 1910 నుంచి వాళ్ల కోసం బడులు తెరిచిండు. ఇసామియా బజార్ల మొదలైనయి పాతిక దాకా పెరిగినయి. అవి కూడ వేరు బడులే. మరి అవి తప్పా? కాదు. ఫార్మ్‌విల్ల వేరు గీత గీసింది పైనోడు, కింద ఉన్నోణ్ని బయట ఉంచుటానికి. భాగ్యరెడ్డి వర్మ బడి బయట ఉన్నోడు కట్టుకున్న నిచ్చెన, లోపలికి ఎక్కి వచ్చుటానికి. సంక్షేమ హాస్టళ్లల్ల చదివి ఈ క్యాంపస్ దాకా వచ్చినోళ్లు ఈ సభల చానమంది ఉన్నరు. ఆ నిచ్చెన విలువ మీకు నేను చెప్పేదేముంది?

చాయ్ దగ్గర అడిగిన మిత్రునికి నా జవాబు ఇదే. వేరు అన్న మాటకు తనంతట తనకు మంచీ లేదు, చెడూ లేదు. గీత ఎవరు గీసిన్రు, ఎవరిని బయట పెట్టుటానికి గీసిన్రు అన్నది చూడాలె. మన పాలన మన చేతికి రావాలని మనం రాష్ట్రం అడిగినం. ఎవరి పిల్లలనూ బడి బయట ఉంచుటానికి అడగలేదు.

అయితె తీర్పు రాంగనే గోడ కూలిందా? కూలలేదు. 1955ల అదే కోర్టు, అమలు ఎప్పట్లోగ చెయ్యాలన్న గడువు పెట్టకుండ, ఆలోచించి తొందరగ చెయ్యున్రి అన్నది. ఆ మాట సందుల దక్షిణాది రాష్ట్రాలు ఏండ్లు గడిపినయి. 1957ల లిటిల్ రాక్ పట్నంల తొమ్మిది మంది పిల్లలు బడికి పోతె గవర్నర్ సాయుధ గార్డులను పెట్టి ఆపిండు. ఆఖరికి దేశాధ్యక్షుడు సైన్యాన్ని పంపితె పిల్లలు లోపల అడుగు పెట్టిన్రు. ఉద్యమ కాలంల క్యాంపస్ చుట్టూ ఇనుప కంచెలు చూసినోళ్లం మనం. బలగాలు ఎవరి దిక్కు నిలబడ్డయన్నది ఎంత ముఖ్యమో మనకు ఎరుకే.

గడువు పెట్టని హామీ సంగతి మనకు తెలువదా? 1956 పెద్దమనుషుల ఒప్పందం ఏమైందో చూసినం. 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవోల గడువు కూడ ఉండె, 1986 మార్చి 31. అయినా అమలు కాలేదు. ఎందుకు కాలేదో తేల్చుటానికి 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వెయ్యవలసి వచ్చింది. వెంట పడేటోడు లేకపోతె గడువున్న జీవో కూడ పండుకుంటది.

ఫార్మ్‌విల్ కథ అక్కడితోని ఒడువలేదు. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు కలిసి చదువాలనంగనే, ఆ కౌంటీ పాలకులు 1959ల సర్కారు బడులన్నీ మూసేసిన్రు. తెల్ల పిల్లల కోసం ప్రైవేటు బడి తెరిచిన్రు. దానికి సర్కారు సొమ్ము, పన్ను రాయితీలు అందినయి. నల్ల పిల్లల్ల చానమందికి ఐదేండ్లు చదువే లేదు. 1964ల మళ్లా సుప్రీంకోర్టే బడులు తెరిపించింది.

మిత్రులారా, ఆ ప్రైవేటు బడి ముచ్చట కాడ కొద్దిగ ఆగుదాం. అమెరికాల 1971 తీర్పు తర్వాత పిల్లలను కలుపుటానికి బస్సులు తిప్పిన్రు. మా ఊరికి కూడ పొద్దుగాల పచ్చ బస్సు వస్తది. ఫీజు కట్టగలిగినోళ్ల పిల్లలను ఎక్కించుకొని పోతది. సర్కారు బడిల మిగిలేది ఎక్కువగ కూలినాలి చేసేటోళ్ల పిల్లలు, వాడల పిల్లలు. ఆ బస్సు పిల్లలను విడదీస్తది. బోర్డు మీద ఎవని కులమూ రాయరు. ఫీజు కాగితమే ఆ పని చేస్తది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిల 25 శాతం సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇయ్యాలె. 2014ల మన రాష్ట్రం వచ్చినంక కూడ ఏండ్లకేండ్లు అది మన దగ్గర అమలు కాలేదు. కేజీ నుంచి పీజీ దాకా ఉచిత విద్య అన్న మాట ఆ ఏడు ఎన్నికలల్ల అందరం విన్నం. 610 జీవో కోసం గొంతు చించుకున్న మనం, ఈ చట్టం కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కినం?

ఉద్యోగ మిత్రులారా, 2011 సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం లేకుండ నిలబడ్డోళ్లు మీరు. మీ పిల్లలు ఏ బస్సు ఎక్కుతున్నరో ఒక్కసారి చూసుకోన్రి. మిమ్మల్ని అని నేను తప్పించుకోను. నేను కూడ నా బిడ్డను ఆ బస్సే ఎక్కించిన. సర్కారు బడిల సార్లు చాలరనో, ఇంకోటనో కారణాలు చెప్పుకున్న. మనం బిడ్డలను తీసేసుకున్నంక ఆ బడి గురించి గట్టిగ అడిగేటోళ్లు ఎవరు మిగిలిన్రు?

విద్యార్థి మిత్రులారా, మీరు సెలవుల్ల ఊర్లకు పోతరు. మీరు చదివిన బడికి పోయి ఎంతమంది పిల్లలున్నరు, ఎంతమంది సార్లున్నరు, ఏ వాడల పిల్లలు మిగిలిన్రు అన్నది రాసుకొని రాన్రి. ఆ లెక్క పట్టుకొని అడుగుదాం. పరాయోళ్లు గీసిన గీతను చెరిపినం. మన చేతులతోని మనం గీసిన ఈ గీతను మనమే చెరపాలె.

జై తెలంగాణ.