అమూరు డేగల బాటసారితనము



నేడు నేను మనవి చేయదలచినది పావురముకంటె జిన్నదియగు నొక డేగనుగూర్చి. ఆగ్నేయ సైబీరియా, ఉత్తర చైనాలలో అమూరు నదీప్రాంతమున బుట్టుటచే దీనిని అమూరు డేగ యందురు; శీతకాలమునకు ఇది ఆఫ్రికా దక్షిణభాగము చేరును. త్రోవలో అక్టోబరు, నవంబరు నెలలందు నాగాలాండులోని దోయాంగు జలాశయముకడ గుంపులుగా దిగి, ఉసుళ్లను దిని బలము గూర్చుకొనును.

2012లో అచ్చటి జనులు చేపల వలలను ఎత్తుగా గట్టి, వేలకొలది డేగలను బట్టి విక్రయించిరి. ఆ వార్త లోకమెల్ల వ్యాపించెను. మఱుసటి యేటనే పాంగ్తి మొదలగు గ్రామముల పెద్దలు వేటను మాన్పించిరి.

2013 నవంబరులో భారత వన్యప్రాణి సంస్థవారును, హంగేరీ శాస్త్రజ్ఞులును గలిసి, మూడు డేగల వీపున 5 గ్రాముల యంత్రములను గట్టి విడిచిరి. వానికి నాగా, వోఖా, పాంగ్తి యని పేళ్లిడిరి. ఉపగ్రహములు వాని జాడ దెలిపెను. ఈ జాతి పక్షులు భారతదేశమును దాటి, అరేబియా సముద్రముమీద నెచ్చటను వ్రాలక సోమాలియా తీరము చేరును. ఆ సముద్రయానమునకు దోయాంగున దిన్న తిండియే దారిబత్తెము. అచ్చట వల పన్నినచో ఆఫ్రికాలోని యాకాశము వెలితిపడును.

జాడ దీయుటకు పలుదేశముల విద్వాంసులు వలయుదురు. కాపాడుటకు గ్రామస్థుల సమ్మతి వలయును. పక్షికై తమ రాబడి వదలుకొన్న యా పేదలకు వేఱొక జీవనోపాధి చూపుట మన యందఱి ఋణమని నా మనవి.