సుడి నిలుస్తుందా?



నాది ఆళ్లగడ్డ దగ్గరి పల్లె. చిన్నప్పుడు కేసీ కాలువకు నీళ్లు వదిలారంటే చాలు, తూము దగ్గరే ఉండేవాణ్ణి. నీళ్లు గిర్రున తిరిగి నడుమ గుంట పడేది. గడ్డిపరక వేస్తే మొదట తీరిగ్గా చుట్లు తిరిగేది. లోపలికి జరిగేకొద్దీ వేగం పెరిగి చటుక్కున మాయమయ్యేది. గట్టు మీంచి గులకరాయి విసిరి, లేచిన అల ఇవతలికి వస్తుందా, సుడిలోకే పోతుందా అని చూస్తూ కూర్చునేవాణ్ణి.

నేను ఆటగా వేసుకున్న ఆ ప్రశ్నను శాస్త్రవేత్తలూ వేసుకున్నారు. ద్రవం ధ్వనిని మించిన వేగంతో పారితే అందులో చిక్కిన శబ్దం వెనక్కి రాలేదని, వెలుగుకు కృష్ణబిలం ఎలాగో శబ్దానికి అది అలాగేనని 1981లో భౌతిక శాస్త్రవేత్త విలియం అన్రూ రాశారు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. అంత వేగం ఏ కాలువకుంది? అందుకే నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు నిదానంగా నడిచే పైపై అలల్ని ఎంచుకున్నారు. 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు తొట్టి, అడుగున రంధ్రం. సుడి మీదికి పంపిన అల కొన్నిసార్లు మరింత బలంగా తిరిగొచ్చిందని 2017లో ప్రకటించారు. ఆ అదనపు బలం సుడి ఇచ్చిందే.

మరి అల అలా పెరుగుతూ పోతే సుడి చెదిరిపోదా? నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. తూము తెరిచి ఉంటే లోపల పడిన అల మళ్లీ రాదు, బయటపడింది దూరంగా పోతుంది. గుడి గంట మోతలా అలజడి సన్నగిల్లి అణిగిపోతుంది. తూము లేకుండా ఊరికే తిరిగే సుడిలో ఆ అలకు పోయే దారి లేదు. నడుమ తగిలి వెనుదిరిగి, మళ్లీ మళ్లీ సుడి బలాన్నే తాగి పెరుగుతుంది. అటువంటి సుడి నిలవదని 2014లో బ్రెజిల్, పోర్చుగల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపించారు.

నిజం కృష్ణబిలం కూడా కదిపితే గంటలా మోగి అణుగుతుంది. ఆ మోతను 1970లో లెక్కకు తెచ్చింది మన పక్కనే, బెంగళూరులో పుట్టిన సి.వి. విశ్వేశ్వర. రెండు కృష్ణబిలాలు కలిసినప్పుడు లేచిన గురుత్వ తరంగాన్ని 2015 సెప్టెంబరు 14న లైగో పరిశోధనశాల పట్టింది. దాని చివర్లో ఉన్నది ఆ సన్నగిల్లే మోతే. ఆ వార్త వచ్చేనాటికి ఆయన ఉన్నారు. తలచుకుంటే నా గుండె నిండుతుంది.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది రేపు హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కుతారు. ఎక్కేముందు ఒక బకెట్‌కు అడుగున చిల్లు పెట్టి, మీ వీధి పిల్లల్ని పిలిచి, నీళ్లు తిప్పి చూపించండి. చిల్లుకు వేలు అడ్డం పెడితే ఏమవుతుందో వాళ్లనే చూసి చెప్పమనండి.