ఖైదీ తల్లి దాచిన సబ్బుబిళ్ల



జైలు నుంచి బయటపడ్డ స్త్రీ మళ్లీ ఆ గేటు ముఖం చూడకూడదనుకుంటుంది. అయినా బైబిల్ పట్టుకుని తిరిగి వెళ్లినవాళ్లున్నారు. అమెరికాకు చెందిన మేరీ కే బియర్డ్ అలాంటి మనిషి. దోపిడీ నేరాలకు 21 ఏళ్ల శిక్ష పడింది. ఆరేళ్లు టట్‌విలర్ మహిళా జైల్లో గడిపి పెరోల్ మీద విడుదలైంది. తర్వాత ‘ప్రిజన్ ఫెలోషిప్’ అనే క్రైస్తవ సంస్థ కార్యకర్తగా ఖైదీల మధ్యకే వెళ్లింది.

క్రిస్మస్‌కి చర్చివాళ్లు పంచే సబ్బులు, టూత్‌పేస్టులు తల్లులు వాడుకోకుండా, చూడటానికొచ్చే పిల్లల కోసం దాచడం ఆమె లోపలున్నప్పుడే గమనించింది. 1982లో షాపింగ్ మాల్స్‌లో క్రిస్మస్ చెట్లు పెట్టి, కాగితపు దేవదూతల మీద ఖైదీల పిల్లల పేర్లు రాసి వేలాడదీసింది. జనం ఆ పేర్లు తీసుకుని కానుకలు కొన్నారు. అవి అమ్మ పంపినట్టుగా, నాన్న పంపినట్టుగా పిల్లలకు చేరాయి. ‘ఏంజెల్ ట్రీ’ అలా మొదలైంది.

మతప్రచారాన్ని సమర్థించడానికి నేనిది చెప్పడం లేదు. నాలాంటి పరిశోధకుల ప్రశ్నావళికి అందని సంగతి ఒక మాజీ ఖైదీ కంటపడింది. దాన్ని మనం గుర్తించాలి.

అయితే కానుక దయతో వచ్చేది. ఇచ్చేవాళ్లు మానేస్తే ఆగిపోతుంది. 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ కేసులో మన సుప్రీంకోర్టు, ఆరేళ్లు నిండేదాకా పిల్లలు ఖైదీ తల్లి దగ్గర ఉండొచ్చని, ఆపైన సంరక్షణ సంస్థలో ఉంటే వారానికి ఒక్కసారైనా ఆమెను కలవనివ్వాలని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఈ హక్కు కోసం ఏ తల్లీ ప్రార్థనకు కూర్చోనక్కర్లేదు.

ఇది అమలవుతోందా అని అడగడానికి జైళ్లకు వెళ్లే మన బృందాల్లో, ఆ గోడల మధ్య బతికొచ్చిన స్త్రీలుండాలి. ఏమడగాలో వాళ్లకు తెలుసు.