పని నేర్పి వెళ్ళిపోయినవాళ్ళు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా గురించి మాట్లాడమని సంఘం వారు అడిగారు. అక్కడి కార్ల గురించీ ఇళ్ళ గురించీ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక పెద్దాయన గురించి చెబుతాను.

1997లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా కోబాల్ కోర్సుల బోర్డులే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాశారు. 2000 వస్తే ఆ సున్నా సున్నాను కంప్యూటరు 1900 అనుకుంటుందని భయం. అది సరిచేయడానికి అక్కడ మనుషులు చాల్లేదు. ఈ బడిలో తెలుగు మీడియం చదివిన నేను కూడా అలాగే 1998లో హెచ్-1బి మీద విమానం ఎక్కాను.

2003లో ఒక బీమా కంపెనీలో వేశారు. పని పేరు ‘నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్’. నాకు నేర్పేది ఇరవై నాలుగేళ్ళ సర్వీసున్న ఒక అమెరికన్. మూడో రోజున తెలిసింది, నేను నేర్చుకోవడం పూర్తయితే ఆయన ఉద్యోగం పోతుందని. నేర్పనంటే వెళ్ళేటప్పుడు ఇచ్చే సొమ్ము కూడా రాదట. ఆయన పనిలో కొంత నాకు, మిగతాదంతా హైదరాబాద్ టీముకు.

ఆయన నా మీద విసుక్కుని ఉంటే నాకు హాయిగా ఉండేది. విసుక్కోలేదు. నెలాఖరు రాత్రుళ్ళు ఏ జాబ్ ఆగిపోతుందో, ఆగితే ఏం చేయాలో చేత్తో రాసుకున్న నోటుబుక్కు నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ వారం అమ్మకు ఫోన్ చేసి ప్రాజెక్టు బాగుందని చెప్పాను.

మన లెక్కల మాస్టారు, లెక్క వచ్చినవాణ్ణి పక్కవాడికి చెప్పమనేవారు గుర్తుందా? చెప్పాక ఇద్దరం ఆ బెంచీ మీదే కూర్చునేవాళ్ళం. అక్కడ చెప్పినవాడు లేచి వెళ్ళిపోవాలి.

తెలివిని చూసి తీసుకెళ్ళారని మనం అనుకుంటాం. అదీ ఉంది. కానీ చౌకగా వస్తామనీ, వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడు ఎదురు అడగడనీ కూడా తీసుకెళ్ళారు. 2001లో ప్రాజెక్టు లేదని నాకు రెండు నెలలు జీతం ఇవ్వలేదు. పని చూపించకపోయినా జీతం ఇవ్వాల్సిందేనని అక్కడి చట్టం. అది నాకు తెలియదు, తెలిసినా అడిగేవాణ్ణి కాదేమో.

2009లో నా వంతు వచ్చింది. ఏ ఒక్క దేశానికీ గ్రీన్‌కార్డుల్లో ఏడు శాతానికి మించి ఇవ్వరు కాబట్టి నా ఫైలు ఇంకా క్యూలోనే ఉంది. ఇప్పుడైతే ఉద్యోగం పోయినా 60 రోజుల గడువుంది, 2017లో వచ్చింది. మాకు అదీ లేదు. రాత్రిపూట ఫోన్లో గచ్చిబౌలి కుర్రాడికి నా పనంతా చెప్పాను. మన తెలుగువాడే. చివరి రోజున “సార్, మీరు తర్వాత ఏ ప్రాజెక్టుకి వెళ్తున్నారు?” అని అడిగాడు. “చూడాలి బాబూ” అన్నాను. మా అమ్మాయి లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చి, చదువు మధ్యలో బడి మానేసింది. వచ్చేశాం.

2025 సెప్టెంబరులో, బయటి నుంచి రప్పించే కొత్త హెచ్-1బి ఉద్యోగికి లక్ష డాలర్లు కట్టాలని అక్కడి అధ్యక్షుడు ప్రకటించారు. అప్పటినుంచి తల్లిదండ్రులు నన్ను ఒకటే అడుగుతున్నారు, పిల్లల్ని పంపాలా వద్దా అని. పంపొద్దని నేను అనను. నేను వెళ్ళాను కదా. కానీ సంతకం పెట్టేముందు కాగితం చదవాలి. వీసా దరఖాస్తు ఖర్చులు ఉద్యోగి దగ్గర వసూలు చేసేవాడి దగ్గరికి వెళ్ళకూడదు. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని రాసుంటే అక్కడ ఆగాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పదో తరగతి గదిలో ఉంటాను. ఆఫర్ లెటర్ ఉన్నవాళ్ళు తీసుకురండి, కూర్చుని చదువుదాం.