మా ఊళ్లో వద్దు
(స్మారకోపన్యాసం)



ఏ మాస్టారి పేర ఈ ఉపన్యాస నిధి ఏర్పడిందో, ఆయన జీవితమంతా చేసిన పని పిల్లల చేత అక్షరాలు దిద్దించడం. అందుకే ఈ సాయంత్రం మహాపురుషుల జోలికి పోను. నడివయసులో అక్షరాలు దిద్దుకున్న కొందరు కూలి ఆడవాళ్ల గురించి మాట్లాడతాను.

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీకు కొత్త కాదు. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారనీ, అది రాష్ట్రమంతా పాకిందనీ చెప్పుకుంటాం. ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు తలచుకుని ముగిస్తాం. 2016లో ఆమె పోయినప్పుడూ అలాగే తలచుకున్నాం. ఆమెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దీన్ని ఒక్క వీరనారి కథగా చెప్పుకోవడంలో మనకో వెసులుబాటు ఉంది. వీరనారులు ఊరికొకరు పుట్టరు కనక మనం నిశ్చింతగా ఇంటికి పోవచ్చు.

అసలు జరిగింది ఇంతకన్నా మామూలు సంగతి. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపం’ పేర అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట కూచునేవారు. జీతం లేకుండా చదువు చెప్పే కుర్రవాళ్లు వచ్చేవారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం. ఊళ్లో సారా కొట్టును ఆడవాళ్లు మూయించిన కథ అది. చదివాక మాట్లాడుకోవాలి కదా, మాట్లాడుకున్నారు. మా ఊళ్లో కొట్టు మాటేమిటి అనే దగ్గరికి వచ్చారు. దూబగుంటలో పని జరిగాక, ఆ సంగతే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మరో వాచకంలోకి ఎక్కింది. దాన్ని చదివిన ఊళ్లు కదిలాయి. మన చదువులు ఇన్ని చూశాను గానీ, పాఠం ఇంత త్వరగా పని కావడం, పని మళ్లీ పాఠం కావడం ఇంకెక్కడా ఎరగను.

ఎదుట ఉన్నది చిన్న శక్తేమీ కాదు. 1980లలో ‘వారుణి వాహిని’ అనే ప్రభుత్వ పథకం వచ్చాక సారా పాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. ఏటా వేలంపాటలు జరిగేవి. పాట దక్కిన కాంట్రాక్టరు పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు రాబట్టుకోవాలి కనక ఇంటి గుమ్మం దాకా సరుకు పంపేవాడు, అరువిచ్చేవాడు. కూలి డబ్బు ఇంటికి రాకముందే కొట్టు పద్దులో జమ అయ్యేది. అమ్మకం పన్ను తరవాత ఖజానాకు పెద్ద రాబడి ఎక్సైజుదే. అంటే అమ్మేవాడికీ ఆపాల్సినవాడికీ లాభం ఒకటే.

ఇంత పెద్దదాని ముందు ఆ ఆడవాళ్లు అడిగింది ఎంత? మా ఊళ్లోకి పాకెట్టు రాకూడదు. అంతే. మొదట్లో రాష్ట్రంలో నిషేధం కావాలనలేదు, చట్టం కావాలనలేదు. నాకు ఈ ఉద్యమంలో అన్నిటికన్నా తెలివైన సంగతి ఇదే అనిపిస్తుంది. కోరిక చిన్నది కనక ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. పది మంది పోయి బండికి అడ్డం నిలబడితే చాలు. గెలిచారో లేదో ఆ రాత్రే తెలిసిపోయేది: మొగుడు తూలుతూ వచ్చాడా, నడిచి వచ్చాడా. పక్క ఊరివాళ్లకు నేర్పాల్సిందీ ఏమీ లేదు. చూసి పోయి, తామూ చీపుళ్లూ కారం పొట్లాలూ పట్టుకుని నిలబడ్డారు. (తాగినవాళ్లకు గుండు గీయించి గాడిదల మీద ఊరేగించిన సంఘటనలూ ఉన్నాయి. వాటిని మెచ్చుకోలేను. ఆ ఇళ్లలో తరవాత ఏం జరిగిందో రాసినది నా కంటపడలేదు.)

ఊరి కొట్టు దాటి ఆడవాళ్ల చూపు వేలం మీద పడింది. కొట్టు మూసినా పాట జరిగితే మళ్లీ తెరుస్తారని ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసింది. నెల్లూరులో పాటలు పెట్టినప్పుడల్లా వందల మంది వచ్చి అడ్డుకున్నారు. తేదీలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

అక్కడి నుంచి పగ్గాలు చేతులు మారాయి. పార్టీలు అందుకున్నాయి. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్.టి. రామారావు గారు మద్యనిషేధం మీద సంతకం చేశారు. 1995 జనవరి నుంచి చట్టం అమలయింది. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు వచ్చిపడింది, ఖజానా బోసిపోయింది, 1997లో నిషేధం సడలిపోయింది. నిషేధం మంచిదా కాదా అన్న చర్చలోకి పోను. నేను గమనించింది ఒక్కటే: కొట్టు మూయించినవాళ్లను ఈ రెండు నిర్ణయాల్లో దేనికీ ఎవరూ పిలిచి అడగలేదు. సంతకంతో వచ్చింది సంతకంతోనే పోయింది.

పోనిది ఒకటుంది. సారా ఆగిన ఇళ్లలో మిగిలిన డబ్బును రోజుకు రూపాయి చొప్పున దాచమని నెల్లూరులో ‘పొదుపులక్ష్మి’ సంఘాలు మొదలయ్యాయి. ఆ సంఘాలు ప్రభుత్వ డ్వాక్రా పథకంతో కలిసి ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా వేళ్లూనాయి. కాకపోతే ఇవాళ సంఘం కూడితే మాట్లాడేది కిస్తీ గురించి, లేదా ఏ సభకు ఎంతమందిని పంపాలన్న దాని గురించి. పాఠం చదివి, దాని మీద గంటసేపు ఇష్టమొచ్చినట్టు వాదించుకునే రాత్రులు లేవు. 1992ను ముందుకు నడిపింది నా లెక్కన ఆ గంటే.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ నిధి వడ్డీతో ఏటా ఒక వక్తను పిలిచి శాలువా కప్పుతున్నారు. సంతోషం. వచ్చే ఏడు వక్తను మానేసి, ఈ చుట్టుపక్కల నాలుగు ఊళ్ల సంఘాల ఆడవాళ్లను ఈ హాల్లోనే కూచోబెట్టండి. వాచకాలు కొనడానికి ఆ వడ్డీ సరిపోతుంది. నన్ను రానిస్తే దారి ఖర్చులు నేనే పెట్టుకుని వచ్చి వెనక వరసలో కూచుంటాను.